మందు వేసుకున్నాక వచ్చిన బాధ - అది కొత్త వ్యాధియేనా?

"ఇంగ్లీషు మందులకు దుష్ఫలితాలుంటాయి, మన మూలికలకు ఉండవు కదా?" అని నా వద్దకు వచ్చేవారిలో అనేకులు అడుగుతూ ఉంటారు. ఆయుర్వేద వైద్యుడనైన నేను కూడా ఒకప్పుడు అలాగే తలచినవాడనే. 1998 వర్షాకాలంలో టైడాలో జరిగిన ఒక సంఘటన నా ఆలోచనను మార్చివేసినది. ఆ పొరపాటు నాదే గనుక దాచకుండా చెబుతున్నాను.

విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే దారిలో, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కిన తరువాత టైడా వస్తుంది. కొత్తవలస - కిరండూల్ రైలుమార్గంలో శివలింగపురానికీ చిమిడిపల్లికీ నడుమనున్న చిన్న స్టేషను అది. మూలికల కోసం అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఒక గిరిజన కుటుంబం ఇంట బస చేసేవాడిని. ఆ ఇంటి కుర్రవాడికి పద్దెనిమిదేళ్ళుంటాయి. చలిజ్వరం వచ్చి, రక్తపరీక్షలో మలేరియా అని తేలి, మాత్రలు వాడుతున్నాడు. మూడవనాటికి జ్వరం తగ్గినది కాని కళ్ళు పచ్చబడినవి, మూత్రం టీ డికాక్షను రంగుకు మారినది.

నేను చూసి, "కామెర్లు" అని తేల్చివేశాను. నేల ఉసిరి దంచి రసం తీయించి, ఉప్పు, కారం లేని పథ్యం చెప్పాను. మాత్రలు ఆపమనలేదు, వాటి సంగతి నాకు తోచనే లేదు. అప్పుడు కుర్రవాడి నాయనమ్మ పొయ్యి దగ్గర నుండే, "బాబూ, ఆ మాత్రలు ఏసుకున్న కాడినుంచే కదా ఇలాగయింది?" అన్నది. ఆ మాటతో నాకు మెలకువ వచ్చినట్లయినది. పెదవులు, అరచేతులు చూస్తే పాలిపోయి ఉన్నవి. నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడుతున్నాడు. జీపులో కిందికి దింపి, విశాఖలోని పెద్ద ఆసుపత్రికి చేర్చాము. అక్కడ మాత్ర ఆపించి, రక్తం ఎక్కించారు. వారం తరువాత కుర్రవాడు లేచి తిరిగాడు. ఇంకొక దినము నా నేల ఉసిరినే నమ్ముకొని ఉంటే ఏమయ్యేదో తలచుకొనడానికే భయము.

అసలు జరిగినదేమిటి?

వైవాక్స్ రకపు మలేరియా క్రిములు కొన్ని కాలేయంలో నిద్రాణంగా దాగి, నెలల తరువాత మరల జ్వరం తెస్తాయి. వాటిని చంపడానికి ఇచ్చే మందు ప్రైమాక్విన్. మన ఎర్ర రక్తకణాలలో జి6పిడి అనే ఎంజైము ఉంటుంది. కణాన్ని కాపాడే కవచము వంటిదది. పుట్టుకతోనే ఇది తక్కువగా ఉన్నవారు ప్రైమాక్విన్ వాడితే ఎర్రకణాలు పగిలిపోతాయి. వాటి రంగు మూత్రంలోకి దిగి నల్లబరుస్తుంది, కళ్ళను పచ్చబరుస్తుంది. చూపునకు కామెర్లే, కాని మూలము కాలేయంలో లేదు. 1956లో అమెరికాలో ఆల్వింగ్ బృందం ఈ ఎంజైము లోపమే కారణమని కనుగొన్నది.

ఈ లోపము తల్లి ద్వారా సంక్రమించి, మగపిల్లలలో ఎక్కువగా బయటపడుతుంది. అందుచేత ఒక కుర్రవాడికి ఉన్నదని తెలిస్తే అన్నదమ్ములను, మేనమామలను కూడా పరీక్షించుకొనుమనవలెను. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాలలో ఇది హెచ్చుగా కనబడుతుంది. కణాలు పగిలిన వెంటనే చేసిన పరీక్ష మామూలుగా ఉన్నట్లు చూపవచ్చును. ముసలి కణాలు పగిలిపోయి, ఎంజైము ఎక్కువగా ఉండే లేతకణాలే మిగలడం దీనికి కారణము. అందువలన సుమారు మూడు నెలల తరువాత మరల పరీక్షించుకొనవలెను.

అయితే ప్రైమాక్విన్ చెడ్డమందని తలచరాదు. దానిని మానివేస్తే జ్వరం తిరగబెడుతుంది. లోపము కొద్దిగా ఉన్నవారికి వైద్యుని పర్యవేక్షణలో వారానికొకసారి చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి కూడా కలదు. గర్భిణులకు, పసికందులకు మాత్రము ఈ మందు ఇవ్వరు.

మన ఇండ్లలో జరిగేది

ఈ లోపమున్న ఇంట బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు కూడా ప్రమాదమే. ఆ వాసన తగిలిన బట్టలు తొడిగినా, పసిపిల్లలకు గోరింటాకు పూసినా రక్తకణాలు పగిలిన సందర్భాలున్నవి.

మందు వలన వచ్చిన బాధను కొత్త వ్యాధిగా భ్రమించడం పట్టణాలలోనూ నిత్యము జరిగేదే. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్ కొందరికి ఎడతెగని పొడిదగ్గు తెస్తుంది. వారు నెలల తరబడి మిరియాల కషాయము త్రాగుతూనే ఉంటారు. ఆమ్లోడిపిన్ వలన చీలమండలు వాచవచ్చును. దానిని కీళ్ళవాతమనుకొని తైలము మర్దన చేయిస్తారు. నొప్పుల మాత్రలు అదేపనిగా మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయమునకు ముప్పు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడరాదని మన ప్రభుత్వము 2011లో నిషేధించినది.

మన మూలికలూ ఇందుకు అతీతము కావు. నల్లజీడిని, వత్సనాభిని శుద్ధి చేయనిదే వాడరాదని మన పెద్దలు చెప్పినది ఊరకనే కాదు. దగ్గుకు మంచిదని అతిమధురము నెలల తరబడి సేవిస్తే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రక్తపోటు ఉన్నవారు దీనిని తప్పక గుర్తుంచుకొనవలెను.

పాటించవలసినవి

1. ఏ కొత్త బాధ వచ్చినా, "ఈ మధ్య మొదలుపెట్టిన మందేమిటి?" అని ముందుగా ప్రశ్నించుకొనండి.

2. మాత్ర పేరు, మొదలుపెట్టిన తేదీ, బాధ కనబడిన తేదీ ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొనండి. మాత్రల అట్టను పారవేయక వైద్యునికి చూపండి. కషాయాలు, చూర్ణాలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి.

3. రక్తపోటు, మధుమేహము, మూర్ఛ వంటి వ్యాధుల మందులను అనుమానముతో మీకు మీరే ఆపివేయవద్దు. ఆ దినమే వైద్యుని అడగండి. మూత్రం నల్లబడినా, ఆయాసము వచ్చినా, ముఖము వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు పొక్కినా తరువాతి మోతాదు వేసుకొనక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

4. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమము 2010లో మొదలైనది. దీనికి రోగులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుపవచ్చును. ఆయుర్వేదాది ఔషధాలకు ఇటువంటి ఏర్పాటు 2018లో వచ్చినది.

ఆసుపత్రిలో వైద్యుడు వ్రాసి ఇచ్చిన చీటీని ఆ కుర్రవాడు ప్లాస్టిక్ కవరులో పెట్టి చాలాకాలము జేబులో ఉంచుకున్నాడు. "ఈ మాత్ర నాకు పడదు" అని ఏ జ్వరానికైనా ముందుగా అదే చూపేవాడు. నేను కూడా ఆనాటి నుండి నాడి పట్టే ముందే, ఇప్పటికే వాడుతున్న మందులేమిటని అడుగుతున్నాను. చదువురాని ఆ ముసలమ్మ పొయ్యి దగ్గర నుండి అడిగిన ప్రశ్న అది. ప్రతి ఇంట, ప్రతి వైద్యుడూ మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న కూడా అదే.