ఎర్రగడ్డ కుళ్లుతోందా? మందుకు ముందు మడి చూడండి

అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట పల్లెల్లో ఇంటి వెనక రెండు మళ్లు ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేసుకునే కూలి సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు. ఇది సరదా పంట కాదు. 2019 డిసెంబరులో కిలో ఎర్రగడ్డ నూరు రూపాయలు దాటింది. రైతుబజార్లలో ప్రభుత్వం 25 రూపాయలకు ఇచ్చిన గడ్డల కోసం జనం బారులు తీరారు. పెరట్లో నాలుగు గడ్డలుంటే ఆ బాధ కొంతైనా తప్పుతుంది. ఆ నాలుగూ బూజు పాలైతే?

"గడ్డ కుళ్లింది, ఏం మందు కొట్టాలి?" అని మమ్మల్ని అడుగుతుంటారు. మందు సంగతి తర్వాత. ముందు మొక్క పీకి చూడండి.

ఆకు మీద తెల్లటి మచ్చ పుట్టి, నడుమ వంగపండు రంగు తిరిగి, ఆకు అక్కడే విరిగిపడితే అది ఆకుమచ్చ తెగులు. ఆకు కొస నుంచి పసుపుబారి, లాగితే మొక్క ఊరికే ఊడివచ్చి, వేరు కుళ్లి, గడ్డ అడుగున తెల్లబూజు కనిపిస్తే అది అడుగుకుళ్లు. మొదటిది గాలికి వ్యాపిస్తుంది. రెండోది మట్టిలో ఏళ్ల తరబడి చావదు. దానికి ఆకుల మీద ఎంత మందు కొట్టినా డబ్బు దండగే.

మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తడి, ఆ వెనక పడే మంచు రెండూ బూజుకు బలం. కనుక మడి ఎత్తుగా కట్టి, నీరు నిలవకుండా కాలువ తీయండి. అరజానెడు ఎడంగా నాటండి. మెత్తబడ్డ తెల్లగడ్డ పాయలు ఏరి పారేయండి. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లకండి, పొద్దున్నే మొదట్లో పోయండి. తెగులు మొక్కను పీకి కాల్చండి. పెంటదిబ్బలో వేస్తే ఆ ఎరువుతోనే బూజు తిరిగి మడికి వస్తుంది. కుళ్లు వచ్చిన మడిలో మూడు నాలుగేళ్లు జొన్నో సజ్జో వేసుకోండి. ట్రైకోడెర్మా పొడిని చివికిన పశువుల ఎరువులో కలిపి, తడిపి, వారం పదిరోజులు నీడన మాగబెట్టి చల్లితే మట్టిబూజు తగ్గుతుంది.

ఆకుమచ్చ ముదురుతుంటేనే మాంకోజెబ్, లీటరు నీటికి 2.5 గ్రాములు. ఉల్లి ఆకు నున్నన, మందు జారిపోతుంది. జిగురు మందు కలపాలి. కొట్టేవాళ్లు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. మందు కొట్టిన కాడలు కోసి కూరలో వేయొద్దు.

తవ్విన గడ్డలను మెడ ఎండేదాకా నీడన ఆరబెట్టి, గాలాడేచోట వేలాడదీయండి. తడిగా సంచిలో కుక్కితే నల్లబూజు పడుతుంది.

కొట్లో అరువుకు మందు తెచ్చేముందు, పీకిన మొక్కను రైతు సేవా కేంద్రానికి పట్టుకుపోండి. పట్టా లేదని వెనక్కి తగ్గొద్దు. ఒకరి మడిలో పుట్టిన మచ్చ పక్కవాళ్ల మడికీ పాకుతుంది. కాబట్టి నలుగురూ కలిసి వెళ్లండి. సెంటు నేలలో వేసినా పంట పంటే. దానికి సలహా అడగడం మన హక్కు.