రాత్రివేళ దాహము

బోర్డింగునందు నిద్రించు బాలుడొకడు రాత్రి రెండు మూడు మారులు లేచి కుండలోని నీరు త్రాగుట, మరల మూత్రవిసర్జనకై వెలుపలికి బోవుట మనము చూచుచుందుము. వేసవి కదా యని యూరకుందుము. పక్క తడిపినచో మందలింతుము. మేమును అట్లు మందలించినవారమే. ఆ పిల్లవానికి మధుమేహమని తెలిసిన దినమున మిగుల సిగ్గుపడితిమి.

ఈ వ్యాధియందు ఇన్సులిన్ చాలనందున రక్తమున చక్కెర పేరుకొనును. అది డెసిలీటరునకు సుమారు 180 మిల్లీగ్రాములు మించినచో మూత్రపిండములు దానిని నిలుపలేక మూత్రములోనికి విడుచును. ఆ చక్కెర తనతో నీటిని గొనిపోవును. కావున దాహమువలన మూత్రము గాదు, మూత్రమువలననే దాహము. అట్టి పిల్లవానికి రాత్రి నీరు మాన్పించుట మిక్కిలి హానికరము. మూత్రము పడినచోట చీమలు చేరుటను మన ప్రాచీన వైద్యులే గుర్తించిరి.

పెద్దలు రాత్రి లేచుటకు వేరు కారణములును గలవు. కాని ఏనాడో పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల తడుపుచు, చక్కగా భుజించుచుండియు చిక్కిపోవుచున్నచో నాడే రక్తపరీక్ష చేయింపవలెను. వాంతులు, కడుపునొప్పి, లోతైన వడిగల శ్వాస, నోట మాగిన పండ్ల వాసన గనబడినచో తెల్లవారువఱకు వేచియుండరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి గొనిపోవలెను.

1922 జనవరిలో టొరాంటో నగరమున 14 ఏండ్ల బాలునికి ఇన్సులిన్ సూది వేసిరి. అంతకు పూర్వము ఇట్టి పిల్లలు చిరకాలము జీవించుట అరుదు. మా విద్యార్థి యిప్పుడు దినమునకు నాలుగు మారులు తానే సూది వేసికొనుచు, కబడ్డీ జట్టులో ఆడుచున్నాడు.