జాయింట్ హోమ్ లోన్‌కు వెళ్తున్నారా? 3 లక్షల కార్డు బాకీ.. 17 లక్షల లోన్‌కు గండి కొట్టొచ్చు!

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో ఫ్లాట్ కొనాలంటే ఒక్క జీతంతో అయ్యే పని కాదు. అందుకే భార్యాభర్తలు కలిసి జాయింట్ హోమ్ లోన్‌కు అప్లై చేస్తుంటారు. ఇద్దరి ఆదాయం కలిపి చూపిస్తే లోన్ ఎక్కువ వస్తుందన్న లెక్క కరెక్టే. అయితే బ్యాంకు ఇద్దరి జీతాలతో పాటు ఇద్దరి అప్పులనూ కలిపి చూస్తుంది. ఎవరో ఒకరి పేరు మీద క్రెడిట్ కార్డు బాకీ పేరుకుపోయి ఉంటే ఆ భారం ఇద్దరి లోన్ మీదా పడుతుంది. ఎంత పడుతుంది? ఫైల్ పెట్టే ముందు ఏం చేయాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

బ్యాంకు లెక్క ఇలా ఉంటుంది

హోమ్ లోన్ ఎంత ఇవ్వాలో తేల్చడానికి బ్యాంకులు ముందుగా చూసేది.. నెల జీతంలో ఈఎంఐలకు ఎంత పోతోంది అన్నది. సాధారణంగా చేతికొచ్చే జీతంలో సగం వరకు అన్ని ఈఎంఐలూ కలిపి ఉండొచ్చని లెక్కేస్తాయి. ఈ శాతం బ్యాంకును బట్టి, జీతాన్ని బట్టి మారుతుంది.

క్రెడిట్ కార్డుకు ఫిక్స్‌డ్ ఈఎంఐ ఉండదు కదా అని చాలామంది అనుకుంటారు. కానీ చాలా బ్యాంకులు కార్డు మీద ఉన్న మొత్తం బాకీలో 5 శాతాన్ని నెలవారీ కట్టుబాటుగా తీసుకుంటాయి. తేడా అంతా ఇక్కడే వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. భర్తకు చేతికొచ్చే జీతం 70 వేలు, భార్యకు 50 వేలు. మొత్తం 1.20 లక్షలు. అందులో సగం, అంటే 60 వేల వరకు ఈఎంఐలకు ఓకే అని బ్యాంకు అనుకుంది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే లక్ష రూపాయల లోన్‌కు ఈఎంఐ దాదాపు 868 రూపాయలు. ఆ లెక్కన వేరే అప్పుల్లేకపోతే ఈ జంటకు సుమారు 69 లక్షల లోన్ వస్తుంది.

ఇప్పుడు ఇద్దరిలో ఒకరి కార్డు మీద 3 లక్షల బాకీ ఉందనుకుందాం. అందులో 5 శాతం, అంటే 15 వేలు పక్కకు పోతాయి. ఇక మిగిలేది 45 వేలు. దానికి వచ్చే లోన్ సుమారు 52 లక్షలే. ఉన్న బాకీ 3 లక్షలు.. తగ్గిన లోన్ 17 లక్షలు!

ఈ జంట 80 లక్షల ఫ్లాట్ చూసుకుందనుకుంటే పరిస్థితి ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య గృహ రుణాలకు బ్యాంకులు ఇంటి విలువలో గరిష్ఠంగా 80 శాతం ఇవ్వొచ్చు. అంటే 64 లక్షలు. మిగిలిన 16 లక్షలతో పాటు స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు సొంతంగా పెట్టుకోవాలి. కార్డు బాకీ వల్ల లోన్ 52 లక్షల దగ్గరే ఆగితే ఇంకో 12 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? చాలా ఇళ్లలో ప్లాన్ ఆగిపోయేది ఈ పాయింట్ దగ్గరే.

మినిమమ్ డ్యూ కడుతున్నాం కదా అంటే..

బిల్లు మీద కనిపించే మినిమమ్ డ్యూ కడితే లేట్ ఫీజు పడదు, అకౌంట్ డిఫాల్ట్‌లోకి వెళ్లదు. అంతవరకే దాని ఉపయోగం. మిగిలిన మొత్తం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. వడ్డీ లేని గడువు వర్తించదు.

చాలా కార్డులపై వడ్డీ నెలకు 3.5 శాతం ఆ చుట్టుపక్కల ఉంటోంది. ఏడాదికి చూస్తే 42 శాతం. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. 3 లక్షల బాకీకి నెల వడ్డీ 10,500. జీఎస్టీ 1,890. మొత్తం 12,390 రూపాయలు. అంటే నెలకు 15 వేలు కట్టినా అసలులో తగ్గేది 2,610 రూపాయలే.

ఇంత వడ్డీ వేయొచ్చా అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. 30 శాతం దాటిన కార్డు వడ్డీ అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. దాన్ని 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి వడ్డీ ఎక్కువైందని కేసు వేసి గట్టెక్కుదామంటే ఆ దారి ఇప్పుడు దాదాపు మూసుకుపోయినట్టే.

ఇంకో అలవాటు కూడా ఉంది. కార్డు గీకి, కమీషన్ పట్టుకుని క్యాష్ ఇచ్చే షాపుల దగ్గర డబ్బు తీసుకుని ఒక కార్డు బిల్లు ఇంకో కార్డుతో కట్టడం. దీన్నే రొటేషన్ అంటున్నారు. ఇది కార్డు నిబంధనలకు విరుద్ధం. పైగా దీనివల్ల అప్పు ఒక్క రూపాయి తగ్గదు.. కమీషన్ మేర పెరుగుతుంది. క్రెడిట్ రిపోర్టులో మొత్తం బాకీ అలాగే కనిపిస్తుంది.

ఒకరి స్కోరు తగ్గినా ఇద్దరికీ దెబ్బే

సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. జాయింట్ లోన్‌లో చాలా బ్యాంకులు ఇద్దరి స్కోర్లూ చూస్తాయి. ఒకరికి మంచి స్కోరు ఉన్నా రెండోవారి పేమెంట్లు లేట్ అయి ఉంటే ఫైల్ తిరస్కరించవచ్చు, లేదా వడ్డీ రేటు పెంచవచ్చు. ఎస్‌బీఐ సహా పలు బ్యాంకులు గృహ రుణ వడ్డీని స్కోరును బట్టి నిర్ణయిస్తున్నాయి.

64 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు తీసుకుంటే.. 8.5 శాతానికి బదులు 9 శాతం పడితే ఈఎంఐ దాదాపు 2,040 రూపాయలు పెరుగుతుంది. మొత్తం గడువులో అది 4.9 లక్షల వరకు వెళ్తుంది. కార్డు బాకీ కంటే ఎక్కువ!

ముందు ఇద్దరి రిపోర్టులూ తీయండి

పెళ్లి ఖర్చులకో, ఆస్పత్రి బిల్లుకో, ఊళ్లో అమ్మానాన్నల అవసరానికో, ఫ్రెండ్‌కు ఫోన్ కొనివ్వడానికో కార్డు వాడి, ఇంట్లో చెప్పకుండా నెలనెలా కట్టుకుంటూ వచ్చేవాళ్లు తక్కువేం కాదు. గొడవ అవుతుందని దాచినా బ్యాంకు దగ్గర దాగదు. పాన్ నంబర్ కొట్టగానే అన్ని కార్డులు, అన్ని లోన్లు బయటపడతాయి. బ్యాంకు మేనేజర్ ముందు తెలియడం కంటే ఇంట్లో ముందే తెలియడం మేలు.

దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఉన్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. ఒక్కో బ్యూరో నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు.

రిపోర్టులో మీది కాని లోన్ ఉన్నా, కట్టేసిన కార్డు ఇంకా బాకీగా కనిపిస్తున్నా వెంటనే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్ ఉంది.

యాడ్ ఆన్ కార్డుల సంగతీ చూసుకోవాలి. భార్య వాడినా, తమ్ముడు వాడినా ఆ బిల్లు బాధ్యత ప్రైమరీ కార్డు ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే.

డౌన్ పేమెంట్ డబ్బుతో కార్డు కట్టేయాలా?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. ఇంటి కోసం దాచిన డబ్బు ముట్టుకోవాలంటే మనసొప్పదు. కానీ ఎఫ్‌డీలో ఉన్న డబ్బుకు ఏడాదికి 6, 7 శాతం వస్తుంటే కార్డు మీద 42 శాతం పోతోంది. పై ఉదాహరణలో దాచిన డబ్బులోంచి 3 లక్షలు తీసి కార్డు క్లియర్ చేస్తే డౌన్ పేమెంట్‌లో లోటు 3 లక్షలే. క్లియర్ చేయకపోతే లోటు 12 లక్షలు. నెలనెలా కార్డుకు పోయే 15 వేలు కూడా మళ్లీ ఇంటి ఖాతాలోకే వస్తాయి. కొనడం కొన్ని నెలలు వెనక్కి వెళ్లినా లెక్క లాభమే చెబుతుంది.

ఒకటి కంటే ఎక్కువ కార్డులు ఉంటే ముందు ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని కొట్టేయాలి. మిగతావాటికి కనీసం మినిమమ్ డ్యూ తప్పకుండా పోవాలి. అయితే చేతిలో ఉన్నదంతా కార్డుకే పోసేయకూడదు. రెండు మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంచుకోకపోతే అవసరం వచ్చినప్పుడు మళ్లీ కార్డే దిక్కవుతుంది.

పర్సనల్ లోన్ తీసి కట్టొచ్చా?

ఒకేసారి కట్టే డబ్బు లేకపోతే ఇది ఒక దారి. 3 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి, మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 10,250. కార్డు బాకీగా ఉన్నప్పుడు బ్యాంకు 15 వేలు లెక్కేసింది కాబట్టి హోమ్ లోన్ అర్హత 52 లక్షల నుంచి సుమారు 57 లక్షలకు పెరుగుతుంది. వడ్డీ భారం కూడా బాగా తగ్గుతుంది. కానీ హోమ్ లోన్‌కు వారం ముందు పర్సనల్ లోన్ తీస్తే అనుమానాలొస్తాయి. కనీసం ఆరు నెలల ముందే ఈ పని చేసి, ఈఎంఐలు టైమ్‌కు కట్టినట్టు రికార్డు ఉంటే మంచిది. ఖాళీ అయిన కార్డును మళ్లీ వాడేస్తే మాత్రం రెండు అప్పులు మెడకు చుట్టుకుంటాయి.

బంగారం తాకట్టు పెట్టి కార్డు తీర్చినా వడ్డీ తగ్గొచ్చు గానీ, అదీ అప్పే. గోల్డ్ లోన్ కూడా రిపోర్టులో కనిపిస్తుంది.

సెటిల్‌మెంట్ ఆఫర్‌కు తొందరపడొద్దు

"3 లక్షల బాకీ ఉంది కదా, లక్షన్నర కట్టండి, క్లోజ్ చేసేస్తాం" అని రికవరీ ఏజెంట్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. వినడానికి బాగుంటుంది. కానీ అలా కడితే రిపోర్టులో 'క్లోజ్డ్' అని పడదు.. 'సెటిల్డ్' అని పడుతుంది. అంటే పూర్తి బాకీ కట్టలేదని అర్థం. ఆ ముద్ర ఏళ్ల తరబడి ఉంటుంది. హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు దాన్ని చూసి వెనక్కి తగ్గుతుంది.

ఇప్పటికే సెటిల్ చేసుకుని ఉంటే, మిగిలిన మొత్తం కట్టి స్టేటస్ 'క్లోజ్డ్'గా మార్చమని ఆ బ్యాంకును రాతపూర్వకంగా అడగొచ్చు. నో డ్యూ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోవాలి.

బాకీ తీరాక కార్డు క్లోజ్ చేయాలా?

బాకీ తీర్చిన ఊపులో అన్ని కార్డులూ క్లోజ్ చేయనక్కర్లేదు. పాత కార్డు క్లోజ్ చేస్తే మొత్తం లిమిట్ తగ్గిపోతుంది. అప్పుడు మిగిలిన కార్డులో కొంచెం వాడినా ఎక్కువ వాడినట్టు కనిపిస్తుంది. లిమిట్‌లో 30 శాతం లోపు వాడకం ఉంటే మంచిదన్నది నిపుణుల మాట. పాత కార్డు ఉంచుకుని, వాడకం తగ్గించుకుంటే చాలు.

యాన్యువల్ ఫీజు భారమై క్లోజ్ చేయాలనుకుంటే, బాకీ లేని కార్డును బ్యాంకు 7 పని దినాల్లో క్లోజ్ చేయాలి. లేదంటే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు కస్టమర్‌కు ఇవ్వాలి. ఇది ఆర్‌బీఐ 2022లో తెచ్చిన రూల్.

కట్టిన విషయం రిపోర్టులో ఎప్పుడు కనిపిస్తుంది? బ్యాంకులు 15 రోజులకోసారి బ్యూరోలకు సమాచారం ఇవ్వాలన్న రూల్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా హోమ్ లోన్ ఫైల్ పెట్టే ముందు మళ్లీ ఒకసారి రిపోర్టు చూసుకోవాలి. బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకు కూడా స్టేట్‌మెంట్ రోజున ఉన్న మొత్తమే బాకీగా కనిపించొచ్చు. అందుకే అప్లై చేసే నెలల్లో స్టేట్‌మెంట్ రాకముందే కట్టేయడం బెటర్.

ఒక్కరి పేరు మీదే వెళ్తే?

కార్డు సమస్య ఉన్నవాళ్లను పక్కన పెట్టి రెండోవారి పేరు మీదే లోన్ తీసుకోవచ్చు. కానీ పై ఉదాహరణలో 70 వేల జీతానికి సుమారు 40 లక్షలు, 50 వేల జీతానికి సుమారు 29 లక్షలే వస్తాయి. 80 లక్షల ఫ్లాట్‌కు అది చాలదు. పైగా ఇల్లు ఇద్దరి పేరు మీద రిజిస్టర్ చేయాలంటే ఓనర్లందరూ లోన్‌లోనూ ఉండాలని బ్యాంకులు అడుగుతాయి.

ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. జాయింట్ లోన్‌లో "నా సగం నేను కట్టేశా" అంటే కుదరదు. ఒకరు ఆపేస్తే మొత్తం ఈఎంఐ రెండోవారు కట్టాల్సిందే. కాబట్టి ఒకరి కార్డు అలవాటు రేపు ఇద్దరి స్కోరునూ దెబ్బతీయగలదు.

టోకెన్ ఇచ్చే ముందు ఆగండి

మంచి రోజు దాటిపోతుందని, ఫ్లాట్ చేజారుతుందని ముందే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తుంటారు. తర్వాత లోన్ తక్కువ శాంక్షన్ అయితే ఆ డబ్బు వెనక్కి రావడానికి తిరగాల్సిందే. రెరా చట్టం ప్రకారం సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ప్రమోటర్ ఇంటి ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 80 లక్షల ఫ్లాట్‌కు 10 శాతం అంటే 8 లక్షలు.. అది కూడా చిన్న మొత్తం కాదు. ముందు బ్యాంకు నుంచి ఎంత లోన్ వస్తుందో ప్రీ శాంక్షన్ తీసుకుని, ఆ తర్వాతే అడ్వాన్స్ మాట్లాడుకోవాలి. లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగివ్వాలన్న మాట కాగితం మీద ఉండాలి.

ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో అప్లై చేయడం కూడా మంచిది కాదు. ప్రతి ఎంక్వైరీ రిపోర్టులో నమోదవుతుంది. లోన్ శాంక్షన్ అయ్యాక, చెక్ చేతికి రాకముందు ఇంటీరియర్స్, ఏసీ, సోఫా అంటూ కార్డు గీకేయొద్దు. డబ్బు విడుదల చేసే ముందు కొన్ని బ్యాంకులు మరోసారి రిపోర్టు చూస్తాయి.

ఆరు నెలల ప్లాన్ ఇదీ

• 6 నెలల ముందు: ఇద్దరి రిపోర్టులూ తీసి, అన్ని బాకీలూ ఒక కాగితం మీద రాయాలి. తప్పులుంటే ఫిర్యాదు చేయాలి.
• 5 నుంచి 3 నెలల ముందు: ఎక్కువ వడ్డీ కార్డు నుంచి మొదలుపెట్టి క్లియర్ చేయాలి. కొత్త కార్డులు, కొత్త ఈఎంఐలు ఆపాలి.
• 2 నెలల ముందు: నో డ్యూ సర్టిఫికెట్లు తీసుకుని, రిపోర్టులో బాకీ సున్నా అయిందో లేదో చూసుకోవాలి.
• నెల ముందు: ఒకటి రెండు బ్యాంకుల్లోనే ప్రీ శాంక్షన్‌కు వెళ్లాలి. ఆ తర్వాతే టోకెన్.

ఇక్కడ ఇచ్చిన ఈఎంఐ, అర్హత లెక్కలు ఉదాహరణకు మాత్రమే. వడ్డీ రేట్లు, నిబంధనలు బ్యాంకును బట్టి మారతాయి. ఫైల్ పెట్టే ముందు కార్డు బాకీని ఎలా లెక్కేస్తారో మీ బ్యాంకు బ్రాంచ్‌లో నేరుగా అడిగి తెలుసుకోండి.