పుల్ రిక్వెస్ట్ పంపే ముందు

ఇంజనీరింగ్ విద్యార్థుల రెజ్యూమెల్లో ‘ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్’ అన్న మాట ఇప్పుడు తరచూ కనిపిస్తోంది. దాని వెంటే కొన్ని అపోహలూ వ్యాపించాయి.

అపోహ: కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెడితే అది ఓపెన్ సోర్సే.

వాస్తవం: లైసెన్స్ ఫైలు లేకపోతే హక్కులన్నీ రాసినవారివే. ఇతరులు చూడొచ్చు, తమ ఖాతాలోకి ఫోర్క్ చేసుకోవచ్చు, అంతే. ఎంఐటీ లైసెన్స్ పెడితే మీ కాపీరైట్ నోటీసు ఉంచి, ఆ కోడ్‌ను ఎవరైనా తాము అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌లో సైతం కలుపుకోవచ్చు. జీపీఎల్ అయితే, దాన్ని కలిపి తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను పంచేవాళ్లు సోర్స్ కూడా ఇచ్చి తీరాలి. ఏ లైసెన్స్ అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి. పదిమంది కోడ్ చేరాక లైసెన్స్ మార్చాలంటే మామూలుగా ఆ పదిమంది ఒప్పుకోలూ కావాలి.

అపోహ: కోడ్‌ను ఎవరైనా మార్చేయొచ్చు కాబట్టి భద్రత ఉండదు.

వాస్తవం: మీరు మార్చేది మీ కాపీని. దాన్ని కలపమని పుల్ రిక్వెస్ట్ పంపితే, అసలు కోడ్‌లో కలపాలో వద్దో తేల్చేది ఆ ప్రాజెక్టు మెయింటైనర్. లినక్స్ కెర్నల్‌కు ప్యాచ్‌లు ఇప్పటికీ ఈమెయిల్‌లోనే వెళ్తాయి. ఆ కోడ్ పంపే హక్కు తనకుందని పంపినవారు ‘సైన్డ్-ఆఫ్-బై’ అని రాయకపోతే ప్యాచ్ తీసుకోరు.

దీనికి పూర్తిగా ఎదురు అపోహ ఒకటుంది: అందరూ చూస్తుంటారు కనుక మోసానికి చోటే లేదని. ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఉదంతం చూడండి. ఎన్నో లినక్స్ సిస్టమ్‌లలో ఉండే ఈ కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ భారమంతా చాలాకాలం ఒక్క స్వచ్ఛంద మెయింటైనర్ మీదే ఉంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు పనికొచ్చే ప్యాచ్‌లే పంపి, నమ్మకం సంపాదించి, సహ మెయింటైనర్ అయ్యారు. మొదటి ప్యాచ్ పంపిన రెండేళ్లకు పైగా గడిచాక, 2024లో అందులో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి అది బయటపడింది. అంటే కాపాడింది వేల కళ్లు కావు, ఒక మనిషి పట్టుదల.

అపోహ: పుల్ రిక్వెస్టులు ఎన్ని ఎక్కువైతే అంత గొప్ప.

వాస్తవం: 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీ ఫైళ్లలో అనవసరపు మాటలు చేర్చిన రిక్వెస్టులు వెల్లువెత్తాయి. ఇష్టపడి పేరు నమోదు చేసుకున్న ప్రాజెక్టులనే లెక్కిస్తామని నిర్వాహకులు ఆ నెలలోనే నిబంధన మార్చుకోవాల్సి వచ్చింది. నిజమైన అచ్చుతప్పు దిద్దితే మేలే. లేని తప్పును సృష్టించి దిద్దడం మాత్రం మెయింటైనర్ సమయాన్ని దోచుకోవడమే.

అపోహ: ఇదంతా జీతంలేని సేవ.

వాస్తవం: లినక్స్ కెర్నల్ కోడ్‌లో ఎక్కువ భాగం కంపెనీల ఉద్యోగులు రాసేదే. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి కొత్తవారికి స్టైపెండ్ ఇస్తోంది.

అపోహ: గొప్ప ప్రోగ్రామర్ అయితేనే అడుగుపెట్టాలి.

వాస్తవం: లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ తెలుగులో కనిపించడం వెనక స్వచ్ఛంద అనువాదకుల శ్రమ ఉంది. కోడే రాయాలనుకుంటే ముందు ప్రాజెక్టులోని కంట్రిబ్యూటింగ్ ఫైలు చదివి, దాన్ని మీ కంప్యూటర్‌లో బిల్డ్ చేసి, టెస్టులు నడపండి. సూచనలు పాటించినా ఎక్కడో ఆగిపోతే, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ వెర్షన్, ఏ ఎర్రర్ వచ్చిందో రాసి ఇష్యూ తెరవండి. అదే ఇష్యూ ఎవరైనా ముందే తెరిచారేమో మాత్రం ఒకసారి వెతకండి.