గడియారంలో కనిపించని రెండున్నర గంటలు

“హజ్రత్! మద్రాసులో ఉదయం పదింటికి విమానమెక్కితే మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా జిద్దాలో దిగుతామట. మూడున్నర గంటలే కదా, చక్కెర మాత్ర అక్కడే వేసుకుంటాను” అన్నారు ఉమ్రాకు బయలుదేరుతున్న ఉదయగిరి పెద్దాయన ఒకరు.

చెన్నై, జిద్దాల మధ్య ఆకాశమార్గం సుమారు 4,450 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికైనా ఇంచుమించు ఆరు గంటలు పడుతుంది. మరి తక్కిన రెండున్నర గంటలు ఏమైనట్లు? భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. జిద్దా చెన్నైకి 41 డిగ్రీలు పడమటగా ఉంది. అందువల్ల అక్కడ సూర్యోదయం ఆలస్యం. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. తిరుగు ప్రయాణంలో ఆ రెండున్నర గంటలే అదనంగా కనిపిస్తాయి.

పైగా ఆత్మకూరు దాటి మద్రాసు చేరే రోడ్డు ప్రయాణం, విమానాశ్రయంలో మూడు గంటల నిరీక్షణ వేరే ఉన్నాయి. కనుక దారిలో మందుల వేళలను గురించి వైద్యుణ్ణి ముందుగానే సంప్రదించాలి. మీఖాత్ ఆకాశంలోనే దాటిపోతుంది గనుక ఇహ్రామ్‌కూ ముందే సిద్ధపడాలి. నమాజుకు మాత్రం సూర్యగమనమే ఆధారం.

ఆ పెద్దాయన మాత్రలను చేతిసంచిలో పెట్టుకొని, గడియారం ముల్లు మార్చకుండానే విమానమెక్కారు.