మరైగూడ దారిలో విప్పిన షాఫ్టు

"షాఫ్టు అయిపోనాది సార్" అన్నాడు డ్రైవరు, స్టీరింగు వదలకుండానే. శ్రీకాకుళం కుర్రాడు. కింద టకటకమన్న చప్పుడు నాకూ వినిపించింది. మధ్యాహ్నం మూడున్నర. మరైగూడ క్యాంపు నుంచి బయల్దేరి పావుగంట కాలేదు. జిప్సీ వెనక సీట్లో మలేరియాతో వణికిపోతున్న జవాను, అతని తల ఒళ్లో పెట్టుకుని మరొకరు. చీకటి పడేలోగా అతన్ని తెలంగాణ సరిహద్దు దాటించి భద్రాచలం ఆస్పత్రి దారి పట్టించాలి. నేనప్పుడు కేంద్ర బలగాల రవాణా విభాగంలో మెకానిక్కుని.

మరైగూడ పేరుకు ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లా కుంట బ్లాకులో ఉంది. జ్వరమొచ్చినా, సరుకు కావాలన్నా చూపు మాత్రం భద్రాచలం వైపే. 2021 నవంబరులో లింగంపల్లి క్యాంపులో ఒక జవాను తోటివారిపై కాల్పులు జరిపి నలుగురిని చంపిన వార్తలో పాఠకులకు ఈ ఊరి పేరు తగిలి ఉంటుంది.

మన ఊళ్లో బండి చెడితే పక్కకు నెట్టి మెకానిక్కును పిలుస్తాం. అక్కడ మొదటి నియమం పక్కకు నెట్టకపోవడం. పొద్దున రోడ్ ఓపెనింగ్ పార్టీ డిటెక్టరుతో, కుక్కతో తనిఖీ చేసింది బండి నడిచే మేర, దాని అంచులూ. ఆ అవతల గడ్డి కింద ఏముందో ఎవరూ చెప్పలేరు. 2018 మార్చి 13న ఇదే కుంట ప్రాంతంలో, కిష్టారం–పలోడి దారిలో మావోయిస్టులు మందుపాతరతో మైన్‌ప్రూఫ్ వాహనాన్నే ఎగరగొట్టారు. సీఆర్పీఎఫ్ 212వ బెటాలియన్ జవాన్లు తొమ్మిదిమంది చనిపోయారు. పేలుడు పక్కలకు చెదిరిపోయేలా అడుగుభాగాన్ని పడవలా మలిచిన వాహనానికే ఆ గతి పడితే, గుడ్డ టాపు జిప్సీ ఏపాటి? అందుకే అక్కడ బలగాలు వీలైనంతవరకు కాలినడకనే వెళ్తాయి. బండి తీసేది రోగి కోసమో, రేషన్ కోసమో. అది ఆగిందంటే దానికి కాపలా కాసే దళమంతా ఒకేచోట ఆగిపోయినట్టే. నా చేతిలో స్పానరు ఎంతసేపు ఉంటే వాళ్లు అంతసేపు గురి.

జిప్సీ కింద మూడు షాఫ్టులుంటాయి. పొట్టిది గేరుబాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకు వస్తుంది. అక్కడి నుంచి ఒకటి ముందు యాక్సిల్‌కు, మరొకటి వెనక యాక్సిల్‌కు. ఇంజిను శక్తిని రెండువైపులా పంచే గేర్ల పెట్టే ట్రాన్స్‌ఫర్ కేసు. డ్రైవరు పక్కనుండే చిన్న లీవరు దానిదే. మామూలుగా శక్తి వెనక చక్రాలకే పోతుంది. లీవరు మారిస్తే ముందు చక్రాలకూ అందుతుంది. బురదలో, ఏటవాలులో పనికొచ్చేది ఇదే. ఆ రోజు మమ్మల్ని కాపాడిందీ ఇదే, అయితే తిరగేసి.

కుక్కతో నేల మరోసారి చూపించుకున్నాకే బండి కిందికి దూరాను. వెనక యాక్సిల్ దగ్గరి క్రాస్ విరిగింది. దాని బేరింగు కప్పు ఒకటి ఎక్కడో రాలిపోయింది. షాఫ్టు వేలాడుతోంది. నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టించాను. షాఫ్టు విప్పాక గేరులో ఉంచినా వెనక చక్రాలకు పట్టు ఉండదు, ఆ సంగతి మరిచి నలిగినవాళ్లు ఉన్నారు. ఫ్లాంజి మీద గీత గీసి, రెండు చివర్లా నాలుగేసి బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. ఏడు వచ్చాయి. ఎనిమిదోది తుప్పుపట్టి తల అరిగిపోయింది. ఉలి పెట్టి సుత్తితో కొడుతుంటే ఆ చప్పుడు అడవిలో ఎంత దూరం పోతోందో అన్నదే నా దిగులు. పైన ఎవరూ ఏమీ అనలేదు. "ఇంకెంతసేపు" అని కూడా అడగలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

షాఫ్టు ఊడింది. ముందు హబ్బులు లాకయ్యాయని చూసుకుని లీవరును నాలుగు చక్రాల వైపు నెట్టమన్నాను. వెనక షాఫ్టు లేదు కాబట్టి శక్తంతా ముందుకే పోతుంది. జిప్సీ ముందు చక్రాలతో ఈడ్చుకుంటూ కదిలింది. మలుపుల్లో మెల్లగా, వాగు ఇసుకలో ఇంకా మెల్లగా పోనిచ్చాం. చీకటి పడుతుండగా సరిహద్దులో అంబులెన్సు ఎక్కించాం.

మర్నాడు క్యాంపులో ట్రాన్స్‌ఫర్ కేసును దించాల్సి వచ్చింది. ఊగిసలాడిన షాఫ్టు దాని వెనక సీలునూ బేరింగునూ దెబ్బతీసింది. ఆయిలు వంపేసి, స్పీడోమీటరు కేబులు, స్విచ్చి వైరు ఊడదీసి, క్యాబిన్‌లోంచి లీవరు తీసేసి, మిగిలిన షాఫ్టుల ఫ్లాంజీలు విప్పాం. ఆపైన మిగిలేవి ఛాసిస్‌కు పట్టి ఉంచే మూడు రబ్బరు మౌంటింగులే. జాకీ మీద చెక్క పెట్టి ఇద్దరం మెల్లగా కిందికి దించాం. లిఫ్టు లేదు, షెడ్డు కూడా లేదు. గేరుబాక్సును మాత్రం ముట్టుకోనక్కర్లేకపోయింది.

ఇది చిన్న విషయం కాదు. సైన్యం 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకు, 2023లో రెండు విడతలుగా స్కార్పియోలకు ఆర్డరిచ్చింది. పాత జిప్సీ కంటే ఇవి సౌకర్యం, శక్తి ఉన్న బళ్లే, నాకు అభ్యంతరం లేదు. అయితే ఈ తరం బళ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సు వెనకే బిగించి ఉంటుంది. దాన్ని దించాలంటే గేరుబాక్సుకు ఆసరా పెట్టాలి, కింది అడ్డపట్టీ తియ్యాలి. మట్టిరోడ్డు మీద వెల్లకిలా పడుకుని చేసే పని కాదది. కొనేముందు మరమ్మతు ఎంత తేలికో సైన్యంలో ఇఎంఇ కోర్ పరీక్షిస్తుంది. 1943లో పుట్టిన ఆ కోర్‌కు మన సికింద్రాబాద్‌లోనే పెద్ద కళాశాల ఉంది. నా మనవి ఒక్కటే. అడవిలో తిరిగే బళ్లకు ఆ పరీక్ష షెడ్డులో కాకుండా ఆరుబయట జరగాలి, ఒక్క మెకానిక్కుతో, ఒక్క పనిముట్ల సంచితో.

విరిగిన క్రాస్‌ను విప్పి చూస్తే లోపల గ్రీజు లేదు, ఎర్రటి తుప్పు పొడి ఉంది. ఆ నెలంతా వాగులు దాటాం. నీళ్లలో దిగిన ప్రతిసారీ గ్రీజు కొట్టాలి. నిపుల్ మట్టితో మూసుకుపోయిందని ఎవరూ చూడలేదు, నాతో సహా.

ఆ డ్రైవరు తర్వాత గ్రీజుగన్ను స్టోరుకు తిరిగివ్వలేదు. తన మంచం కిందే పెట్టుకున్నాడు. స్టోరు రిజిస్టరులో అది కొన్నాళ్లు బాకీగానే ఉంది. నేనూ అడగలేదు.