ఉద్దానం తీరంలో సంఘ పరిచర్య: డిజిటల్ మార్పుకు మార్గపటం

ఈ మధ్య సంఘ కమిటీల సమావేశాల్లోనూ, అసోసియేషన్ సభల్లోనూ 'డిజిటల్ రోడ్‌మ్యాప్' అనే మాట తరచుగా వినిపిస్తోంది. అయితే తీర్మానాల పుస్తకంలో ఆ శీర్షిక కింద రాసుకున్నది చూస్తే చాలాసార్లు అది కొనుగోళ్ల జాబితాగానే ఉంటుంది: రెండు కెమెరాలు, ఒక మిక్సరు, ఒక ప్రొజెక్టరు, ఒక యూట్యూబ్ ఛానల్. జాబితా రాసుకోవడం తప్పు కాదు గాని అది మార్గపటం కాదు. ఈ రెంటికీ భేదమేమిటో, గ్రామ సంఘ కాపరికి ఆ భేదం ఎందుకు ముఖ్యమో వజ్రపుకొత్తూరు, పలాస, టెక్కలి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాట ఎక్కడిది?

ఈ పద్ధతి పుట్టింది పరిశ్రమలో. అమెరికాలోని మోటరోలా సంస్థ 1970ల చివర్లో దీన్ని వాడుకలోకి తెచ్చింది. విల్యార్డ్, మెక్లీస్ అనే ఇద్దరు 1987లో ప్రచురించిన వ్యాసం ద్వారా ఇది బయటి ప్రపంచానికి తెలిసింది. 1990లలో సెమీకండక్టర్ పరిశ్రమ అంతా కలిసి ఒకే రోడ్‌మ్యాప్ గీసుకొని, దాన్ని సవరించుకుంటూ 2016 వరకు నడిచింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫాల్, ఆయన సహచరులు 2000 ప్రాంతంలో దీన్ని చిన్న సంస్థలు సైతం కొద్ది సమావేశాల్లో గీసుకోగల రూపానికి తెచ్చారు.

రూపం చాలా సులువు. ఒక పెద్ద కాగితం మీద ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. పై నుంచి కిందికి మూడు నాలుగు వరుసలు ఉంటాయి. పై వరుసలో 'ఎందుకు', అంటే అవసరాలు. దాని కింద 'ఏమి', అంటే ఆ అవసరాన్ని తీర్చే సేవలు. ఆ కింద 'ఎలా', అంటే పరికరాలు, నైపుణ్యాలు. అడుగున మనుషులు, డబ్బు. ఇక ప్రాణమంతా ఈ వరుసలను కలిపే గీతల్లో ఉంది. ప్రతి పరికరం నుంచి ఒక గీత పైకి వెళ్లి ఏదో ఒక అవసరాన్ని తాకాలి. తాకకపోతే ఆ పరికరాన్ని కొట్టివేయాలి. అలాగే ప్రతి అవసరం నుంచి ఒక గీత కిందికి దిగాలి. దిగకపోతే అక్కడ మనం బాధపడుతున్నామే తప్ప పని చేయడం లేదని అర్థం. కొనుగోళ్ల జాబితాలో ఈ గీతలు ఉండవు.

మన రాష్ట్రం నేర్చిన పాఠాలు

తెలుగు నేలకు ఇటువంటి ప్రణాళికలు కొత్త కాదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూముల రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరిస్తూ 'కార్డ్' పథకాన్ని ఆరంభించింది. రోజులు పట్టే పనిని గంటల్లోకి తేవాలన్నది దాని లక్ష్యం. పని వేగవంతమైన మాట నిజమే. అయితే 2004లో జోనాథన్ కేస్లీ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన పరిశీలన ప్రకారం దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వమూ, చేతులు తడపడమూ ఆ కార్యాలయాల్లో కొనసాగుతూనే వచ్చాయి. బల్ల మీదికి కంప్యూటరు వచ్చింది గాని, బల్లకు ఇవతల నిలబడినవాడి స్థితి పెద్దగా మారలేదు.

1999లో మెకిన్సే సంస్థ సహాయంతో వెలువడిన 'విజన్ 2020' మరింత పెద్ద ప్రణాళిక. భూమి మీద ఆధారపడి బ్రతికే జనాభా నిష్పత్తిని బాగా తగ్గించడం అందులో ఒక భాగం. ఆ ప్రణాళిక రాసే చోట చిన్న రైతు లేడు. 2001లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' పేరిట చిన్న, సన్నకారు రైతులతో ఒక జ్యూరీ కూర్చుంది. వారిలో ఎక్కువమంది స్త్రీలు. మూడు రకాల భవిష్యత్ చిత్రాలను రోజుల తరబడి పరిశీలించి, సాక్షులను ప్రశ్నించి, తమను భూమి నుంచి తప్పించే మార్గాన్ని వారు తిరస్కరించారు. వారు చెప్పినదంతా సరైనదా అన్నది వేరే చర్చ. పటం ఎవరి బ్రతుకు మీద గీస్తున్నామో వారిని పిలవకుండా గీయడం సంఘ కమిటీల్లో కూడా జరిగేదే కాబట్టి దీన్ని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

మూడవ ఉదాహరణ ఉద్దానానికి మరీ దగ్గరిది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను భూమి తవ్వి వేయకుండా, చాలావరకు ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్లు లాగారు. ఖర్చు తగ్గింది, పని త్వరగా అయింది. ఆ దృష్టితో చూస్తే తెలివైన నిర్ణయమే. పది నెలలు తిరగక ముందే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడిమామిడి చెట్లు వేర్లతో సహా లేచిపోయాయి. వేలాది కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. స్తంభం పడితే దాని మీది తీగ కూడా పడుతుంది. చౌకగా, వేగంగా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పిన ప్రణాళిక తుపాను అన్న మూడవ ప్రశ్నను ఎంత లోతుగా అడిగిందో ఈ తీరంలో ఉన్నవారు తప్పక ఆలోచించాలి.

లేఖనాల వెలుగులో

ప్రణాళిక విశ్వాసానికి విరోధం కాదా అని కొందరు విశ్వాసులు యథార్థంగా అడుగుతారు. యాకోబు పత్రిక (4:13-15) వారి మనసులో ఉంటుంది. అక్కడ అపొస్తలుడు గద్దించినది లెక్క వేసుకోవడాన్ని కాదు, రేపటి దినం తన చేతిలో ఉన్నదనుకొనే అతిశయాన్ని. గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని వ్యయం లెక్కించాలన్నది ప్రభువే చెప్పిన ఉపమానం (లూకా 14:28-30). పౌలు ఆసియకు, బితూనియకు వెళ్లాలనుకోవడం, ఆత్మ అడ్డగించడం, త్రోయలో దర్శనం కలిగి మాసిదోనియకు ఓడ ఎక్కడం (అపొ. కా. 16:6-10) చూస్తే, ఆయనకు పటం ఉన్నది, దాన్ని మడిచి పెట్టుకొనే విధేయత కూడా ఉన్నది.

ఈ విషయంలో అన్నిటికన్నా నేర్పేది నెహెమ్యా రాత్రి ప్రయాణం (2:11-16). యెరూషలేముకు వచ్చి మూడు రోజులు ఊరకున్నాడు. తరువాత రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడలను, కాలిన గుమ్మాలను స్వయంగా చూశాడు. ఒకచోట తాను ఎక్కిన పశువు దాటడానికి కూడా వీలు లేకపోయింది. ఇదంతా అయ్యాకే అధికారులతో మాట్లాడాడు. మన కమిటీల్లో సాధారణంగా మాట్లాడడం ముందు, చూడడం తరువాత.

ఉద్దానంలో పై వరుస

ఇప్పుడు ఒక ఊహా సంఘాన్ని తీసుకుందాం. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరలో ఎనభై కుటుంబాల సంఘం. సగం మంది వేట మీద, మిగిలినవారు తోటల మీద, పలాస జీడిపప్పు పరిశ్రమల్లో కూలి మీద బ్రతుకుతారు. ఈ సంఘం నెహెమ్యా వలె ఒకసారి తిరిగి చూస్తే పై వరుసలో ఏమి రాస్తుంది?

మొదటిది మూత్రపిండాల వ్యాధి. ఉద్దానం పేరు దేశమంతటికీ తెలిసింది దీనివల్లనే. దీని మూల కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. ఇవి మేలైనవి. అయినా డయాలిసిస్ చేయించుకొనేవారు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం దగ్గర ఉండాలి. రానుపోను ప్రయాణం, తోడు వెళ్లే మనిషి కూలి పోవడం కుటుంబం మీద పడతాయి.

రెండవది వలస. ఈ తీరం నుంచి మగవారు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి పడవల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చారు. అదే సంవత్సరం లాక్‌డౌన్ కాలంలో వేలమంది వేరావల్‌లో చిక్కుకుపోయి, బస్సుల్లో ఇళ్లకు చేరారు. ఇటువంటి సభ్యునికి ఆదివారపు ఆరాధన ప్రత్యక్ష ప్రసారం ఎంత ఉపయోగం? పడవ సముద్రంలో ఉన్నప్పుడు ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఒడ్డుకు వచ్చిన రోజు ఆయన పలకరింపు కోసం చూస్తాడు. కాబట్టి 'ఏమి' అన్న వరుసలో రావలసినది కెమెరా కాదు. ఎవరు ఎవరికి, ఏ రోజుల్లో ఫోను చేయాలో చెప్పే ఒక పట్టీ, చిన్న వాక్య సందేశాన్ని ఫోనులో దింపుకొని తరువాత వినగలిగే ఆడియో, ఇంటి దగ్గర ఉన్న భార్యకూ తల్లికీ ఆపదలో ఎవరిని పిలవాలో తెలిసే ఏర్పాటు. ఖర్చు చాలా తక్కువ. నమ్మకమైన మనుషులు మాత్రం ఎక్కువమంది కావాలి. అందుకే అడుగు వరుసలో డబ్బుకన్నా మనుషుల పేర్లు ముందు రాయాలి.

మూడవది తుపాను. అక్టోబరు, నవంబరు నెలలు దగ్గరపడేసరికి ఏ కుటుంబంలో మంచం పట్టిన వృద్ధులున్నారు, ఎవరికి డయాలిసిస్ వాయిదా తప్పకూడదు, పునరావాస కేంద్రానికి ఎవరిని ముందు చేర్చాలి అన్నది కాగితం మీద ఉండాలి. ఫోనులో మాత్రమే ఉంటే, తిత్లీ తరువాతి వారం అది లేనట్టే.

దాచవలసినవి, దాచకూడనివి

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. అనేక సంఘాల్లో డిజిటల్ పరిచర్య ప్రార్థన వినతుల వాట్సాప్ గ్రూపుతో మొదలవుతుంది. ఫలానా సహోదరికి క్రియాటినిన్ ఇంత వచ్చింది, ప్రార్థించండి అని ఒకరు రాస్తారు. ప్రేమతోనే రాస్తారు. సాయంత్రానికి ఆ మాట మూడు ఊర్లకు చేరుతుంది. కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లన్న మాట పొక్కితే పెండ్లి సంబంధాలు వెనక్కి పోయే ప్రాంతంలో, ఆ ఒక్క సందేశం ఆ ఇంటి ఆడపిల్ల భవిష్యత్తును తాకుతుంది. కాపరి చెవిలో చెప్పుకున్న మాటను కాపాడే బాధ్యత చట్టాలకన్నా పాతది. ఇప్పుడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వ్యక్తి సమ్మతి ప్రాముఖ్యాన్ని గుర్తు చేస్తోంది. అందువల్ల మార్గపటంలో గ్రూపుకన్నా ముందు రావలసిన పెట్టె ఒకటి ఉంది: ఏ సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరి అనుమతితో చెబుతాం, సభ్యుడు వద్దంటే ఎలా తీసివేస్తాం. ఇది తేలే వరకు ఆ గ్రూపుకు వెళ్లే గీతను గీయకూడదు. కొందరికి ఇది అతి జాగ్రత్తగా తోచవచ్చు. ఈ రచయిత అభిప్రాయంలో పటం మొత్తంలో తప్పనిసరి నియమం ఇదొక్కటే.

దాచవలసిన రెండవ రకానికి మన మిషనరీ చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డి గ్రాంజ్‌ల కాలం నుంచి తెలుగు సువార్త పనికి అచ్చు యంత్రమే నాటి కొత్త సాంకేతికత. 1812 మార్చి 11న శ్రీరాంపురం ముద్రణాలయం కాలిపోయింది. కాగితం, అక్షరాలు, కేరీ రాతప్రతులు బూడిదయ్యాయి. అయితే అక్షరాలు పోతపోయడానికి మూలమైన ఉక్కు అచ్చులు శిథిలాల్లో చెడకుండా దొరికాయి. కొద్ది వారాల్లోనే మళ్లీ పోత మొదలైంది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది. ప్రతి సంఘమూ తన 'ఉక్కు అచ్చులు' ఏవో గుర్తించాలి. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహ రిజిస్టరు, స్థలం దస్తావేజు, సభ్యుల జాబితా: వీటి స్కాన్ ప్రతులు తీరానికి దూరంగా, వేరొక ఊరిలో, మరొకరి దగ్గర ఉండాలి. ఇది ఒక్క పూటలో అయ్యే పని. కెమెరా కొనే తీర్మానం కన్నా ముందు చేయదగినది.

కాలం గీత

చివరిగా కాగితం మీద ఎడమ నుంచి కుడికి నడిచే గీత గురించి. చాలామంది దాన్ని ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆర్థిక సంవత్సరంగా గీస్తారు. ఉద్దానంలో కాలం అలా నడవదు. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు చేతికొస్తాయి, కానుకలు కాస్త పెరుగుతాయి. వాయిదాల మీద ఏదైనా కొనాలంటే ఆ నెలలు చూసుకోవాలి. ఒక తుపాను తోటను పడగొడితే నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని, అప్పటి దాకా వాయిదాలు ఎవరు కడతారని ముందే అడగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది, ఊళ్లో వేటకు వెళ్లేవారు ఒడ్డున ఉంటారు. గుజరాత్ తీరంలో నిషేధం జూన్ 1న మొదలై, ఆగస్టులో అక్కడ మళ్లీ వేట సాగుతుంది. అంటే ఇక్కడివారు, అక్కడివారు ఇద్దరూ ఊళ్లో ఉండేది జూన్ మొదటి రెండు వారాలే. పటాన్ని సవరించుకొనే వార్షిక సమావేశం ఆ రోజుల్లోనే పెట్టాలి. కమిటీ సభ్యులతో పాటు వేరావల్ నుంచి వచ్చినవారిని ఇద్దరిని, డయాలిసిస్ రోగికి తోడు వెళ్లే స్త్రీని ఒకరిని కూర్చోబెట్టి, పోయిన ఏడు గీసిన గీతలను ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ, ఇది పని చేసిందా అని అడగాలి.